సారెలో వచ్చిన ఆల్చిప్పలు

ఈ ఆదివారం పొద్దున్నే మా మనవరాలు చిన్మయి ఒక థర్మాకోల్ పెట్టె చంకన పెట్టుకుని యాప్రాల్‌లో మా ఫ్లాటుకి వచ్చింది. పెట్టె విప్పితే ఐసు మధ్యలో డజను ఆల్చిప్పలు. ఎక్కడో సముద్రంలో పెరిగి, విమానమెక్కి, ఆ పైన ఎవరిదో మోటారుసైకిలెక్కి మా నాలుగో అంతస్తుకి చేరాయి. వాటితో పాటు రెండు నిమ్మకాయలు, ఒక పొట్టి కత్తి, మొదటిసారి తినేవాళ్ళకి సూచనలంటూ అచ్చేసిన కాగితం. పిల్ల ఆ కాగితాన్ని వ్రతకథ చదివినట్టు పైకి చదువుతోంది. “ఫస్ట్ స్మెల్ చూడాలట అమ్మమ్మా, తర్వాత ఆ వాటర్ కొంచెం సిప్ చెయ్యాలట, రెండుసార్లు నమలాలట.” చదువుతోందే గాని చెయ్యి పెట్టదు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ముక్కు మూసుకుని బాల్కనీలోకి పోయింది. నాకు ఒళ్ళు మండింది. బతికున్న ప్రాణిని ఇంటికి పిలిచి ఎవరైనా ముక్కు మూసుకుంటారా? నేనే లేచి వెళ్ళి రెండు చిప్పలు తీసుకుని, ఒకదానితో ఒకటి చిన్నగా తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. తర్వాత ఇంకో రెండు. అయిదోది దగ్గర ఆగి, “ఇది పోయిందే, అవతల పారెయ్” అన్నాను.

“నీకెలా తెలుసు?” అంది చిన్మయి, కాగితం కింద పెట్టేసి.

“చప్పుడు బోలుగా వస్తోంది కదా.”

“అది కాదు. నీకు ఎవరు చెప్పారు? నువ్వు పుట్టింది లాలాగూడలో కదా!”

మా నూకరత్నం పిన్ని చెప్పింది అనబోయాను. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిన్ని పోయి ఏడాది కావస్తోంది. నోటితో చెప్పలేనివి చేత్తో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కనక, పిల్లలు వెళ్ళిపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను.

లాలాగూడలో మాది రైల్వే క్వార్టర్ల వరస. పన్నెండు గుమ్మాలు, అన్నిటికీ ఒకటే పెంకులు, ఒకటే రంగు తలుపులు. మా పొద్దు సూర్యుడితో మొదలయ్యేది కాదు, వర్క్‌షాపు కూతతో మొదలయ్యేది. మొదటి కూతకి నాయనమ్మ లేచి కుంపటి రాజేసేది. రెండో కూతకి నాన్న టిఫిన్ డబ్బా పుచ్చుకుని సైకిలెక్కాలి. ఇంట్లో ఎక్కడ ముట్టుకున్నా వేలికి కాస్త మసి అంటేది. ఆరేసిన బట్టల్లో, పెరుగులో, నాన్న జుట్టులో బొగ్గు వాసన. అది వాసన అనే సంగతి పెళ్ళయి ఇంకో ఇంటికి వెళ్ళేదాకా నాకు తెలియదు. నాయనమ్మ పొద్దుటి పూజ అయ్యాక నడవలో పీట వేసుకుని కూర్చుని, తమలపాకు ఈనెలు గోటితో తీస్తూ, ఇల్లంతా అక్కడి నుంచే నడిపేది. ఆవిడ గొంతు పెంచడం నేను వినలేదు. అవసరమేముంది? ఆవిడ మాటకి మా నాన్న, వర్క్‌షాపులో నలభై మందిని అదిలించే మనిషి, చెప్పులు విప్పి నిలబడేవాడు.

మేము తెనాలి వైపు నుంచి తాతయ్య రైల్వే ఉద్యోగంతో సికింద్రాబాద్ వచ్చినవాళ్ళం. నాయనమ్మ లెక్కలో చేప అంటే మంచినీళ్ళ చేపే. సముద్రం చేపని “కంపు” అని ఒక్క మాటలో తేల్చేసేది. రెండు వారాలకొక ఆదివారం నాన్న మోండా మార్కెట్ నుంచి బతికున్న కొర్రమీను తెచ్చేవాడు. వంట వేళ దాకా దాన్ని పెరట్లో గంగాళంలో నీళ్ళు పోసి వదిలేవాళ్ళం. అది నల్లగా మెరుస్తూ గుండ్రంగా తిరిగేది. నేను అన్నం మెతుకులు వేసి పేరు పెట్టి పిలిచేదాన్ని. మధ్యాహ్నం అదే పులుసులో పడేది, నేనే రెండోసారి వడ్డించుకునేదాన్ని. చిన్నపిల్లల జాలి అంతే కదా, ఆకలి వేసేదాకా.

మా బాబాయి, నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు, రైల్వే శిక్షణకని వాల్తేరు వెళ్ళి ఎనిమిది నెలలుండి, వస్తూ వస్తూ పెళ్ళాన్ని వెంటబెట్టుకు వచ్చాడు. సింహాచలం కొండ మీద దండలు మార్చుకున్నారట. కులం వేరు. భీమిలి అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లె వాళ్ళది. ఆ ఏటి బురదలో రాళ్ళకి పట్టిన ఆల్చిప్పలు కొట్టి అమ్ముకు బతుకుతారు. ఆ అమ్మాయే నూకరత్నం పిన్ని. సన్నగా, చామనచాయగా, అరచేతుల నిండా తెల్లటి గీతలతో ఉండేది. అవి చిప్పలు కోసుకున్న గాట్లని తర్వాత తెలిసింది.

నాయనమ్మ తిట్టలేదు, కొట్టలేదు, గుమ్మంలో ఆపనూ లేదు. అంతకంటే గట్టి పని చేసింది. పిన్నితో మాట్లాడడం మానేసింది. పిన్ని ఎదురుగా ఉండగానే మా అమ్మతో, “ఆ పిల్లని నీళ్ళు తోడమను”, “ఆ పిల్లని తినమను” అనేది. నాలుగు నెలలు ఒకే కప్పు కింద అలాగే గడిచాయి. బాబాయి ఒకసారి బతిమాలబోతే, “సారె లేని కోడలు కోడలేమిట్రా? పుట్టింటివాళ్ళు సారె తెచ్చి, అది వరసంతా పంచితే కదా ఈ ఇంటి మనిషని పదిమందికీ తెలిసేది. వాళ్ళు తెస్తారా? నత్తగుల్లలు ఏరుకునేవాళ్ళు. ఆ తండ్రి ఎప్పుడైనా ఈ గుమ్మం తొక్కితే అతనితోనే పంపించేస్తాను చూడు” అంది. ఆ మాట ఉత్తరంలో ఎవరు రాశారో, ఎలా చేరిందో గాని భీమిలిదాకా చేరింది. చలికాలం మొదట్లో ఒక కార్డు వచ్చింది, మంగళవారం పొద్దుటి బండికి వస్తున్నానని. అది చదివి పిన్ని ఆ పూట అన్నం ముట్టలేదు.

మంగళవారం నేను కడుపునొప్పి పేరు చెప్పి బడి ఎగ్గొట్టాను. ఇంత జరుగుతుంటే ఎక్కాలు ఎవరికి కావాలి? ఆటో ఆగింది. పొట్టిగా, గట్టిగా, తెల్ల పంచె కట్టుకున్న మనిషి దిగాడు. ఒక చేతిలో వెదురుబుట్ట. రెండో చేత్తో, భుజం మీదికి ఎత్తుకున్న తడిగోనె. గోనె నుంచి నీళ్ళు కారి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. పిన్ని నాన్న, సింహాద్రి తాత. నన్ను చూసి నవ్వి, గోనెని పసిపిల్లని దింపినట్టు మెల్లగా దింపాడు.

దాంతోపాటు ఒక వాసన దిగింది. దాన్ని ఏమనాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా తడుముకుంటున్నాను. కుళ్ళు కాదు, నీచు కాదు. వాన వెలిసిన వెంటనే రైలుపట్టాల దగ్గర నిలబడితే వస్తుందే ఇనుము వాసన, దానికి ఉప్పు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అప్పటికి నేను సముద్రం చూడలేదు. మా వరసలో సగంమంది చూడలేదు. రాళ్ళగుట్టలూ చెరువులూ ఉన్న ఈ ఊరికి ఒక మనిషి దాన్ని గోనెసంచిలో పట్టుకొచ్చాడని నాకు ఆ క్షణాన నిజంగా అనిపించింది.

బుట్టలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, ఒక చీర, కజ్జికాయలు ఉన్నాయి. గోనె మూతి విప్పితే నల్లగా, గరుకుగా, మట్టి కొట్టుకుపోయిన రాళ్ళు. వందకి తక్కువ ఉండవు. “సారె అమ్మా. మాకు పండీది ఇదే గద. ఏటిలోకి దిగి నానే కొట్టి తెచ్చినాను. నిన్న పొద్దుట దాకా నీటిలో ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి” అన్నాడు ఆయన మా అమ్మతో, చేతులు కట్టుకుని. నాయనమ్మ లోపలి గదిలోంచి రాలేదు. మాట మాత్రం వచ్చింది. “సారెకి రాళ్ళు తెచ్చాడా?”

పక్కింటి ఖాజాబీ చాచీ మాత్రం అప్పటికే గోడ మీద మోచేతులు ఆన్చి నిలబడింది. వాళ్ళాయన వర్క్‌షాపులో ఫిట్టరు. నాయనమ్మకి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడ, ఇద్దరూ రోజూ ఒకే పాందాన్ లోంచి వక్క తీసుకునేవాళ్ళు. “ఏందమ్మా గిది? జెర చూపియ్యి” అని ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “యా అల్లా, గిది పాణమున్నదా? కండ్లు లేవు, కాళ్ళు లేవు. ఎట్ల బతుకుతదో!” అంది. మళ్ళీ లోపలి గది వైపు తిరిగి, “అమ్మా, బయటికి రా. మనిషి గింత దూరం మోసుకొచ్చిండు, మొఖమన్న చూపియ్యవా?” అని కేకేసింది.

సింహాద్రి తాత గోనెని పెరట్లో నీడపట్టున పెట్టించి, పైన తడిబట్ట కప్పించి, “ఇంక ఏటీ సెయ్యక్కర్నేదు. మూడుగంటలకి మాయమ్మి ఒలిచి పెడతాది” అని చెప్పి, రాత్రంతా కూర్చుని వచ్చినవాడు కావడంతో ముందుగదిలో నడుం వాల్చి నిద్రపోయాడు. నాన్న, బాబాయి డ్యూటీకి వెళ్ళారు. అమ్మ, పిన్ని నిమ్మకాయలకీ బొగ్గులకీ మోండా వెళ్ళారు. నాయనమ్మ లోపల గోడవైపు తిరిగి పడుకుంది. పెరట్లో నేనూ, ఆ రాళ్ళూ మిగిలాం.

బట్ట తొలగించి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఒక రాయి నోరు తెరిచింది! గోరు పట్టేంత సందు. సందులో నల్లటి కుచ్చుల అంచు ఒకటి కదిలింది. నా నీడ పడిందో ఏమో, టప్పున మూసుకుంది. ఇంకో చోట చిన్న బుడగ పైకి వచ్చి సుయ్యిమని పగిలింది. నేను ఊపిరి బిగబట్టాను. రాయి ఊపిరి పీలుస్తోంది! అంత అద్భుతం నా పదేళ్ళ బతుకులో చూడలేదు. ఆ వెంటనే జాలి వేసింది. నిన్నటి నుంచీ నీళ్ళు లేకుండా వచ్చాయే పాపం, నోరు తెరిచి నీళ్ళడుగుతున్నాయే! మా ఇంట్లో బతికున్న కొర్రమీనుకి ఏం చేస్తామో నాకు తెలుసు. గంగాళం జరిపి, నల్లా తిప్పి, అంచు దాకా మంజీరా నీళ్ళు పట్టి, చేతికి అందినన్ని చిప్పలు ఒక్కొక్కటీ మెత్తగా వదిలాను. గోనెలో సగం ఖాళీ అయింది. మెతుకులు కూడా వేశాను. పుణ్యం చేశానని పొంగిపోయి, గంగాళం పక్కనే కూర్చుని వాటికి పేర్లు పెట్టుకుంటూ పోయాను. మధ్యలో అన్నం తిని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. పొద్దు పెరటిగోడ దాటేసరికి చాలా నోళ్ళు తెరుచుకున్నాయి. నీళ్ళు తాగుతున్నాయి, ఆరోగ్యంగా ఉన్నాయి అనుకున్నాను. తట్టితే మూసుకోవాలని నాకేం తెలుసు?

అమ్మా పిన్నీ బజారు నుంచి వచ్చారు. పిన్ని పెరటి గుమ్మంలో అడుగు పెట్టి, గంగాళం చూసి, సంచి కింద పడేసింది. నిమ్మకాయలు వాకిలంతా దొర్లాయి. ఆ చప్పుడుకి సింహాద్రి తాత లేచి వచ్చాడు. గంగాళం దగ్గర గొంతుక్కూర్చుని ఒక చిప్ప తీసి వేలితో తట్టాడు. మూసుకోలేదు. పక్కన పెట్టాడు. ఇంకొకటి. అదీ అంతే. మూసుకున్న వాటిని రెండేసి తట్టి చెవి దగ్గర పెట్టుకుని, బోలుగా మోగినవాటిని ఒక కుప్ప, ఖంగుమన్నవాటిని ఒక కుప్ప పోశాడు. మొదటి కుప్ప పెరుగుతూ పోయింది. నా పరికిణీ అంచు నీళ్ళు కారుతోంది. ఏదో ఘోరం చేశానని మాత్రం అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. ఆయన నా వైపు తలెత్తాడు. కళ్ళల్లో కోపం లేదు.

“దాహమేసిందనుకున్నావేటి తల్లీ?” అన్నాడు. నేను తలూపాను. “మంచి పనే సేసినావు. కానీ ఈటికి తీపినీరు పడదమ్మా. ఉప్పులో పుట్టినాయి గద. మూసుకున్నంతసేపూ బతుకుతాయి. తెరిసి ఆ నీరు మింగినాయంటే సచ్చిపోతాయి.”

ఇంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. పొద్దుటి నుంచి రాని నాయనమ్మ అప్పుడొచ్చింది. రావలసిన వేళకి ఎప్పుడూ రారు పెద్దవాళ్ళు, రాకూడని వేళకి తప్పకుండా వస్తారు. తెరుచుకుపోయిన చిప్పల కుప్ప చూసి, “ఏమిటిది?” అంది అమ్మతో. “చచ్చాయా? సారెలో చావా?” అంది నాయనమ్మ. ఆ మాటకి మా పెరడంతా చల్లబడిపోయింది. అంతకంటే అపశకునం ఉందా? నాలుగు నెలలుగా ఆవిడ వెతుకుతున్న సాకు తడి గంగాళం పక్కన కుప్ప పోసి ఉంది. ఇక పంపించెయ్యడమే తరువాయి. అది నా చేతుల మీదుగా జరిగింది. నోరు తెరిచి నేనే అని చెప్పాలి. తెరిచాను కూడా, కానీ గాలి తప్ప ఏమీ రాలేదు. అంత పిరికిదాన్ని.

“నేనే అత్తయ్యా” అంది పిన్ని. “నేనే నీళ్ళల్లో వేసీసినాను. తెలీక.”

సింహాద్రి తాత తలెత్తి ఏదో అనబోయాడు. పిన్ని ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. నేను చూశాను.

నాయనమ్మ పిన్నిని చూసింది. తర్వాత మోచేతులదాకా తడిసిన నన్ను చూసింది. నీళ్ళు కారుతున్న పరికిణీ చూసింది. గంగాళంలో తేలుతున్న అన్నం మెతుకులు చూసింది. ఆవిడ కళ్ళకి శుక్లాలు ఇంకా రాలేదు. గోడ మీంచి ఖాజాబీ చాచీ కూడా మాట్లాడలేదు, అది మా వరసలో ఎన్నడూ జరగని సంగతి.

“సముద్రం ఒడ్డున పుట్టినదానివి. నీకు తెలీక వేశావా?” అంది నాయనమ్మ.

ఆవిడ ఆ మాట అమ్మతో అనలేదు. సూటిగా పిన్ని మొహంలోకి చూసి అంది. నాలుగు నెలల్లో మొదటి మాట అది. పిన్ని తల వంచుకుని, “అవునత్తయ్యా” అంది మళ్ళీ. నాయనమ్మ ఒక నిట్టూర్పు విడిచి, “ఉన్నవి చాలు. కుంపటి రాజెయ్యండి” అని పీట లాక్కుని అక్కడే పెరట్లో కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆ రోజంతా అనిపించింది.

చచ్చినవాటిని తాత గొయ్యి తీసి పూడ్చాడు. చాచీ పరుగున వెళ్ళి, వాళ్ళాయన పాత ఆకురాయిని అరగదీసి చేసుకున్న పొట్టి బాకు తెచ్చి ఇచ్చింది. “పరేషాన్ గాకు బిడ్డా, మంచిగైతది” అని పిన్ని చెవిలో అంది. పిన్ని చేతికి నాలుగు మడతల బట్ట చుట్టుకుంది. చిప్ప లోతువైపు కిందికి ఉండాలట, లేకపోతే లోపలి నీళ్ళు ఒలికిపోతాయి. ఆ నీళ్ళే సగం రుచట. సన్నగా ఉన్న కొస దగ్గర రెండు చిప్పలూ కలిసే బందు ఉంటుంది. అక్కడ బాకు కొన ఆన్చి, తొయ్యకుండా, తాళంచెవి తిప్పినట్టు తిప్పింది. టక్. పైచిప్ప లేచింది.

నేను ముందుకి వంగి చూశాను. బయట అంత అసహ్యంగా ఉన్న రాయి లోపల అంత తెలుపా! ఉత్త తెలుపు కూడా కాదు. తిప్పితే గులాబీ, ఇంకాస్త తిప్పితే పావురం మెడ రంగు. ఆ తెల్లటి గిన్నెలో చెంచాడు నీళ్ళు. ఎంత తేట నీళ్ళో! ఆ నీళ్ళల్లో మెత్తగా, లేత బూడిద రంగులో, చుట్టూ నల్లటి కుచ్చు పెట్టుకుని ఒక ప్రాణి. పిన్ని నిమ్మరసం ఒక్క చుక్క వేసింది. ఆ నల్ల అంచు ముడుచుకుంది. “సూసినావా, బతికుంది” అంది పిన్ని నాతో, ఏమీ జరగనట్టు. ఈ చెంచాడు నీళ్ళు నిన్న సముద్రంలో ఉన్నాయి. తలుపు మూసుకుని, వాటిని జాగ్రత్త చేసుకుని, గోదారి దాటి ఇంత దూరం వచ్చాయి. నేను గుళ్ళో కూడా అంత బుద్ధిగా కూర్చుని ఎరగను.

పచ్చివి తాతకి, ఆయనతో కూర్చున్న నాకు. మిగిలినవి నిప్పుల మీద. బొగ్గుల మీద పెట్టిన చిప్పలు కాసేపు ఊరుకుని, తర్వాత వాటంతట అవే సుయ్యిమంటూ నోళ్ళు తెరిచాయి. ఆ పొగకి పన్నెండు గుమ్మాల వాళ్ళూ గోడల దగ్గరికి చేరారు. “ఎక్కువసేపు సూడకు, బయమేస్తాది. నోట్లో ఏసుకుని రెండుసార్లు నమిలి, అప్పుడు మింగు” అని తాత చెప్పాడు. వేసుకున్నాను. ముందు ఉప్పు, కళ్ళు మూసుకునేంత ఉప్పు. రెండోసారి నమిలేసరికి ఆ ఉప్పు వెనక నుంచి తీపి. చక్కెర తీపి కాదు, లేత కొబ్బరి తీపి. మింగాక నాలుక చివర ఇనుము. అమ్మో అన్నాను. ఇంకోటి అడిగాను. సముద్రాన్ని నేను కంటితో చూడకముందే నోటితో చూశాను. తర్వాత చాలా సముద్రాలు చూశాను గాని, అంత పెద్దది ఒక్కటీ చూడలేదు.

సారె పంచే ముందు మొదటి ముద్ద ఇంటి పెద్దది. పిన్ని నిప్పుల మీద తెరుచుకున్న వాటిలో అందమైనది ఏరి, ఆకులో పెట్టి, రెండు చేతులా నాయనమ్మకి అందించింది. సముద్రం చేప కంపని ఇంట్లోకి రానివ్వని మనిషి. చుట్టూ అందరూ చూస్తున్నారు. సింహాద్రి తాత కుంపటి వంక చూస్తూ నిలబడ్డాడు, తలెత్తలేదు. నాయనమ్మ కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. మొహం అంతా ముడతలు పడిపోయింది. రెండుసార్లు నమిలింది. మింగింది. నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపింది. మొత్తం చెంబు తాగింది.

“నాకు నచ్చలేదు” అంది.

పిన్ని మొహం పాలిపోయింది. నాయనమ్మ మూతి తుడుచుకుని లేచి నిలబడింది. “నచ్చితేనే పంచుతామా సారె? కజ్జికాయలు మాత్రం అందరికీ నచ్చుతాయా? ఆకులు తీసుకురావే సుశీలా. ఇంటికి మూడేసి పెట్టు. ఖాజాబీ వాళ్ళు ఇవి తినరు కనక ఆవిడకి కజ్జికాయలు ఎక్కువ వెయ్యి” అని నాకు చెప్పి, పిన్ని వైపు తిరిగి, “నువ్వు మొహం కడుక్కుని, మీ నాన్న తెచ్చిన చీర కట్టుకుని రా. పళ్ళెం నువ్వు పట్టుకోవాలి” అంది.

మా వరసలో ఏ గుమ్మమూ తప్పలేదు. ముందు నాయనమ్మ, వెనక కొత్త చీరలో పళ్ళెంతో పిన్ని, ఆ వెనక ఆకులతో నేను. తలుపు తీసిన ప్రతి మనిషికీ నాయనమ్మ ఒకటే మాట చెప్పింది. “మా రెండో కోడలి పుట్టింటివాళ్ళు సారె పెట్టారు. తీసుకోండి.” కొందరు ఆకులోకి చూసి గతుక్కుమన్నారు. మూడో ఇంటావిడ ఇవి పెంచుకోవాలా, తినాలా అని అడిగింది. చివరి ఇంటి ముసలాయన మాత్రం మూడూ అక్కడే నిలబడి తినేసి, యవ్వనంలో మద్రాసులో తిన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పిన్నికి ఏం మాట్లాడాలో తెలియక, ప్రతి గుమ్మం దగ్గరా వాళ్ళ పాదాలకి దణ్ణం పెడుతూ పోయింది.

ఈ రోజు చిన్మయి పెట్టెలో వచ్చినవి అంతకంటే పెద్దవి, శుభ్రమైనవి. ఉప్పు కూడా సరిగ్గానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఏదైనా ఎక్కడికైనా వస్తోంది ఇప్పుడు, రోడ్డు కనపడని ట్రాఫిక్కులో కూడా వస్తోంది. మంచిదే. కానీ ఆ పెట్టె తెచ్చిన కుర్రాడు ఎవరో మాకు తెలియదు, దాన్ని సముద్రంలోంచి తీసిన చేతులు ఎవరివో ఆ కాగితంలో రాయలేదు. మేము పదకొండు తిన్నాం, పక్క ఫ్లాటు తలుపు తట్టాలని ఒక్కళ్ళకీ తోచలేదు. నాకూ తోచలేదు, ముందు నన్ను నేను తిట్టుకోవాలి. పిన్నికి నా తప్పు గురించి ఒక్కసారైనా క్షమాపణ చెప్పుకోలేదు. నలభై ఏళ్ళు పక్కపక్కనే బతికి, పండగలకీ పురుళ్ళకీ కలిసి వండి, ఆ ఒక్క మాట మాత్రం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఆవిడ కూడా ఎన్నడూ ఎత్తలేదు. అసలు గుర్తుందో లేదో.

ఆ సాయంత్రం సింహాద్రి తాతని బండెక్కించడానికి బాబాయీ, పిన్నీ, నేనూ సికింద్రాబాద్ స్టేషనుకి వెళ్ళాం. నాయనమ్మ ఆయనకి పులిహోర కట్టించింది. ప్లాట్‌ఫాం మీద ఆయన ఖాళీ గోనె మడిచి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. రైలుపెట్టె దగ్గర టికెట్ కలెక్టరు కాగితం చూసుకుంటూ, “సింహాద్రి... పక్క బెర్తు నూకరత్నం. ఇద్దరు కదా, రెండో మనిషి ఏరీ?” అని అడిగాడు. పిన్ని ఉలిక్కిపడి తండ్రి వైపు చూసింది. బాబాయి తల దించుకున్నాడు. సింహాద్రి తాత తన చొక్కా జేబులోంచి రెండు టికెట్లు తీసి, ఒకటి ఉంచుకుని, రెండోది కలెక్టరు చేతిలో పెట్టాడు. ఆయన మొహం నవ్వుతోంది.

“మాయమ్మి రాదు బాబూ” అన్నాడు. “ఆ చోటు ఎవులికైనా ఇచ్చీండి.”